అక్షరాలు ఎందుకు వెనకబడ్డాయంటే

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూలు వార్షికోత్సవం నాటకం డీవీడీకి సబ్‌టైటిల్స్ పెట్టి, నేవీ క్వార్టర్స్‌లో ఉండే మీ స్నేహితురాలి అమ్మమ్మగారికి చూపించాలనుకోవడం చాలా మంచి ఆలోచన. తెలుగు రాని ఆవిడ, మనవరాలు ఏమంటోందో తెలుసుకుంటూ చూస్తారు. మీ ప్రశ్న కూడా బాగుంది: "మొదటి సీన్లో సరిగ్గానే వస్తున్నాయి తాతయ్యా, చివరికొచ్చేసరికి రాజుగారు మాట్లాడేసి వెళ్ళిపోయాక ఆయన మాటలు కింద పడుతున్నాయి. ఎందుకు?"

బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా మీరిద్దరూ నడుస్తున్నారనుకోండి. బుజ్జి నాటకం, చిన్నా అక్షరాలు. చిన్నా చెప్పులు వెతుక్కుంటూ ఆలస్యంగా బయల్దేరాడు, కానీ ఇద్దరి నడకా ఒకటే. అప్పుడు గుడి దగ్గర ఎంత దూరం ఉందో సబ్‌మెరైన్ దగ్గరా అంతే ఉంటుంది. ఇదొక రకం. ఇద్దరూ కలిసే బయల్దేరారు, కానీ చిన్నా అడుగు చిన్నది. మొదట పక్కపక్కనే ఉంటారు, పోనుపోను దూరం పెరుగుతుంది. ఇది రెండో రకం, మీకు వచ్చింది ఇదే. మూడోది ఇంకోటి ఉంది. సగం దూరం చక్కగా కలిసి నడిచి, చిన్నా ముంత మసాలా బండి దగ్గర ఆగిపోయాడు. అక్కణ్ణుంచి ఒక్కసారిగా తేడా. డీవీడీలో మధ్యలో ఒక సీను కోసేసినా, ఇంటర్వెల్ ముక్క అతికించినా ఇలాగే అవుతుంది. ఏ రకమో తేల్చుకోకుండా టైములు జరపడం మొదలుపెడితే ఒకచోట కుదురుతుంది, మరోచోట చెడుతుంది.

చిన్నా అడుగు ఎందుకు చిన్నదైందో చెప్తాను. మీరు టైములు వేసుకున్నది అన్నయ్య కెమెరా ఫైలు చూసి. అది సెకనుకి 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో తీసినది. సినిమా లెక్క అదే. మా చిన్నప్పటి హాళ్ళలో రీలు అయిపోయేముందు తెర కుడివైపు పైమూల ఒక చుక్క తళుక్కుమనేది. ఆపరేటరు అది చూసి రెండో ప్రొజెక్టరు అందుకునేవాడు, జనానికి తెలిసేది కాదు. ఆ ప్రొజెక్టర్లూ సెకనుకి 24 ఫ్రేములే తిప్పేవి. మన దేశపు పాత టీవీలదీ, వాటికోసం చేసే డీవీడీలదీ మాత్రం పాల్ అనే పద్ధతి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అందులో సగం, 25 ఫ్రేములు పెట్టుకున్నారు. డీవీడీ చేసినవాళ్ళు ఆ 24ని అలాగే 25గా పరిగెత్తించారు. దాంతో గంట నాటకం 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోయింది, గంటకి 2 నిమిషాల 24 సెకన్ల తేడా. రాజుగారి గొంతు కాస్త సన్నబడినట్టు అనిపించిందా? ధ్వని కూడా ఆ మేరకు వేగంగా తిరిగింది మరి.

నయం చేయడానికి సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. మీరు రాసిన ఎస్ఆర్‌టీ ఫైలు, అదే మాటలూ వాటి టైములూ ఉన్న ఫైలు, అందులో తెరవండి. అన్ని మాటలనీ ఒకే మొత్తం ముందుకో వెనక్కో జరపడం మొదటి రకానికే పనికొస్తుంది. మీకు కావలసింది సింక్రొనైజేషన్ మెనూలోని పాయింట్ సింక్. గుడి దగ్గర ఒకసారి, సబ్‌మెరైన్ దగ్గర ఒకసారి చిన్నాని బుజ్జి పక్కన నిలబెట్టడమే అది. మొదటి డైలాగు ఫైల్లో 00:01:00,000 దగ్గరుంది, డిస్కులోనూ అక్కడే వినబడుతోంది అనుకోండి. చివరిది ఫైల్లో 01:01:00,000 దగ్గరుంటే డిస్కులో 00:58:36,000కి వినబడుతుంది. ఈ రెండూ ఇస్తే మధ్యవి అదే సరిచేస్తుంది. సెకన్లకీ మిల్లీసెకన్లకీ మధ్య కామానే ఉండాలి. చుక్క పెడితే కొన్ని ప్రోగ్రాములు ఆ ఫైలుని చదవవు. చివరి డైలాగు అంటే నిజంగా చివర్లోదే పట్టుకోండి. సగంలోది తీసుకుంటే అక్కడి చిన్న పొరపాటు చివరికి రెట్టింపవుతుంది. మూడో రకమైతే తేడా మొదలైన చోట ఫైలుని రెండు ముక్కలు చేసి, వెనక ముక్కనే జరపాలి.

ఇక డిస్కు. మీ దగ్గరున్న డీవీడీ ఒకసారి రాసి మూసేసినది, దాంట్లో కొత్తగా ఏమీ కలపలేం. డిస్కులో నాటకం ఉండే వీడియో_టీఎస్ ఫోల్డరుని కంప్యూటర్లోకి కాపీ చేసి, అందులో సబ్‌టైటిల్స్ చేర్చి, కొత్త డిస్కు రాయాలి. తాళం వేసి అమ్మే సినిమా డిస్కుల జోలికి వెళ్ళకండి, ఇది మన సొంత నాటకం కాబట్టే చేస్తున్నాం.

డీవీడీలో సబ్‌టైటిల్ అక్షరాలుగా ఉండదు, బొమ్మగా ఉంటుంది. ఒక్కో బొమ్మకీ నాలుగే రంగులు, అందులో ఒకటి పారదర్శకం. అందుకే అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఎస్ఆర్‌టీని నేరుగా స్పూమక్స్‌కి, అంటే డీవీడీ వీడియోలో సబ్‌టైటిల్స్ కలిపే ప్రోగ్రాముకి ఇస్తే ఇంగ్లీషు సరిగ్గా వస్తుంది. తెలుగు మాత్రం విరిగిపోతుంది, ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి జారతాయి. కాబట్టి తెలుగు ఫైలుని యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో దాచి, మంచి తెలుగు ఫాంటు ఎంచుకుని, సబ్‌టైటిల్ ఎడిట్‌లోనే పీఎన్‌జీ బొమ్మలుగా తయారుచేయించండి. కొలత 720కి 576 చుక్కలు, అక్షరాల అంచుల్ని నునుపు చేసే యాంటీ-అలియాసింగ్ తీసేయాలి. లేకపోతే రంగులు నాలుగు దాటాయని స్పూమక్స్ ఒప్పుకోదు. తెరమీద ఒకసారికి రెండు వరుసలు మించకూడదు. ఒక్క ముక్క మాటైనా సెకనుకి తక్కువ ఉంచకండి, ఆ అమ్మమ్మగారి కళ్ళని గుర్తుపెట్టుకోండి. పాత టీవీలు అడుగున కొంత కోసేస్తాయి, అందుకని కింద ఓ 50, 60 గీతల జాగా వదలండి.

బొమ్మల్ని వీఓబీలో, అంటే డీవీడీలోని వీడియో ఫైల్లో కలపడం స్పూమక్స్ పని. వీఓబీ ఒక్కోటీ ఒక జీబీ దాటదు కాబట్టి నాటకం రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. వాటిని ముందు వరుసగా కలిపేయండి, లేకపోతే రెండో ముక్క టైములు కుదరవు. ఇంగ్లీషుకి ఒక ట్రాక్, తెలుగుకి ఇంకో ట్రాక్. డీవీడీలో ఇలాంటివి 32 దాకా పడతాయి. తర్వాత డీవీడీఆథర్ అనే ప్రోగ్రాముతో డిస్కు అల్లండి, ఫార్మాట్ పాల్ అని ముందే చెప్పాలి. ఈ మెట్టు వదిలేసి, డిస్కు వివరాలుండే పాత ఐఎఫ్‌ఓ ఫైలునే ఉంచేస్తే, బొమ్మలు లోపలున్నా రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ నొక్కినప్పుడు ఏమీ రాదు. ఏయే భాషలున్నాయో ప్లేయరుకి చెప్పేది ఐఎఫ్‌ఓనే. రంగుల పట్టీ కూడా అందులోనే ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన అక్షరాలు ఆకుపచ్చగా వస్తే అక్కడ వెతకండి.

మొదటిసారి డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాయండి, తప్పుంటే చెరిపి మళ్ళీ రాయొచ్చు. రాసేముందు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో ఆ ఫోల్డరు తెరిచి మొదలూ, మధ్యా, చివరా చూడండి. జీ నొక్కితే అక్షరాలు ముందుగా, హెచ్ నొక్కితే ఆలస్యంగా వస్తాయి, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు. ఎన్ని నొక్కులకి కుదిరిందో లెక్కపెడితే ఇంకా ఎంత జరపాలో తెలుస్తుంది.

ఇవాళ సాయంత్రం రాజుగారి సీను దగ్గర ఆపి ఒక్కో ఫ్రేమూ ముందుకి జరిపి చూడండి. ఒక్కోటీ 40 మిల్లీసెకన్లు. పెదవి విడివడిన ఫ్రేముకీ మాట మొదలైన ఫ్రేముకీ మధ్య ఎన్ని ఉన్నాయో చూడండి. మొదటి డైలాగు, చివరి డైలాగు టైములు, ఫైల్లోవీ డిస్కులోవీ, కాగితం మీద రాసి పంపండి. ఆదివారం వస్తాను, కలిసి లెక్క చూద్దాం.

మీ తాతయ్య