డోనట్ నడుముకో వడ్డాణం

ఈసారి డోనట్ చేతికొచ్చినప్పుడు కొరికే ముందు ఒక్కసారి పక్కకి తిప్పి చూడండి. పైనా కిందా బంగారు గోధుమ రంగు ఉంటుంది. నడుము చుట్టూ మాత్రం వడ్డాణం పెట్టినట్టు ఒక లేత పట్టీ. అక్కడ సరిగా వేగలేదేమో అనిపిస్తుంది కానీ, పని తెలిసిన బేకరీవాళ్లు డోనట్ బాగా వచ్చిందో లేదో చూసుకునేది ఆ పట్టీలోనే.

ఈ పట్టీ స్పష్టంగా కనిపించేది ఈస్ట్‌తో పొంగించే డోనట్‌కే. బేకింగ్ పౌడర్ వేసి చేసే కేక్ డోనట్ వేరే రకం. దాని పిండి బరువు, నూనెలో పడగానే మునిగి కొన్ని సెకన్లకు గానీ తేలదు. నాకు ఇష్టమైనది మొదటిది, ఈ కథ దాని గురించే.

1937లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, విన్‌స్టన్-సేలం ఊళ్లో వర్నన్ రుడాల్ఫ్ అనే ఆయన క్రిస్పీ క్రీమ్ అనే డోనట్ కంపెనీ మొదలుపెట్టాడు. వాళ్ల పెద్ద దుకాణాల్లో తయారీ అంతా అద్దం అవతల కనిపిస్తుంది కాబట్టి ఆ పద్ధతే తీసుకుందాం. మైదా, నీళ్లు, చక్కెర, కొవ్వు, ఈస్ట్ కలిపి మిక్సర్‌లో బాగా పిసుకుతారు. తడిసిన మైదాలోని ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బుడగలుగా పట్టి ఉంచేది ఈ వలే. పిసకడం చాలకపోతే వల సరిగా అల్లుకోదు, మరీ ఎక్కువైతే తెగుతుంది.

తర్వాత ఉంగరాలు. మధ్యలో పిండి కోసి తీసేస్తారనే మనం అనుకుంటాం. ఇక్కడ గాలి ఒత్తిడితో పిండిని గుండ్రటి సందులోంచి బయటికి నెడతారు. ఉంగరం చిల్లుతోనే పుడుతుంది, తీసి పారేసే ముక్కే ఉండదు. డోనట్ పనిని యంత్రానికి అప్పగించడం అంతకుముందే మొదలైంది. న్యూయార్క్‌లో బేకరీ నడిపిన అడాల్ఫ్ లెవిట్ 1920లోనే డోనట్ యంత్రం తయారు చేయించాడు. ఇక చిల్లు ఎందుకో గారెలు వేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. చిల్లు లేకపోతే అంచులు మాడేసరికి కూడా నడిమి పిండి పచ్చిగానే ఉంటుంది.

ఉంగరాలు ఇప్పుడు ప్రూఫింగ్ గదిలోకి, అంటే పిండిని పొంగనిచ్చే గదిలోకి వెళ్తాయి. సుమారు 35 నుంచి 40 డిగ్రీల వెచ్చదనం, బాగా తేమ. తేమ లేకపోతే పైపొర ఎండి బిగుసుకుపోతుంది, లోపలి గ్యాస్‌కి సాగే చోటుండదు. ట్రేలు మెల్లగా పైకెక్కుతూ కిందికి దిగుతూ ఈ గది దాటేసరికి ఉంగరాలు బాగా ఉబ్బి, వేలితో తాకితే వణికేంత మెత్తగా తయారవుతాయి.

వడ్డాణం సంగతి ఇక్కడే తేలుతుంది. బాగా పొంగిన ఉంగరం ఎంత తేలికంటే, నూనెలో సగానికి కాస్త తక్కువే మునుగుతుంది. సుమారు నిమిషం వేగాక యంత్రం దాన్ని తిప్పేస్తుంది, రెండో వైపు మునుగుతుంది. నడుము మాత్రం రెండుసార్లూ నూనె మట్టానికి పైనే ఉంటుంది. అందుకే అక్కడ రంగు రాదు. పిండి సరిగా పొంగకపోతే ఉంగరం బరువెక్కి లోతుగా మునుగుతుంది, పట్టీ సన్నబడుతుంది, ఒక్కోసారి మాయమైపోతుంది. మరీ ఎక్కువ పొంగితే వల బలహీనపడి, కదిలించగానే ఉంగరం కుంగిపోతుంది, నూనె కూడా ఎక్కువ తాగుతుంది.

నూనెలో పడగానే చుర్రుమంటూ లేచే బుడగల్ని దగ్గరగా చూస్తే ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. అది నూనె మరగడం కాదు, పిండిలోని నీళ్లు ఆవిరై బయటికి రావడం. నూనె 185 డిగ్రీల దగ్గర ఉన్నా లోపలి మెత్తటి భాగం 100 డిగ్రీలు దాటదు. అంటే లోపల జరిగేది ఉడకడమే. పైపొరలో నీళ్లు ఆరిపోయాక అక్కడి వేడి పెరుగుతుంది. అప్పుడు చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి ఆ గోధుమ రంగునీ, నోరూరించే వాసననీ ఇస్తాయి. 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ వివరించిన చర్య ఇది.

ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. చాలావరకు నూనె లోపలికి చేరేది డోనట్‌ని బయటికి తీశాకే. చల్లారుతుంటే లోపలి ఆవిరి నీరవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పైన అంటుకున్న నూనెని డోనట్ పీల్చుకుంటుంది. చిల్లుల గరిటెతో గారెల్ని మూకుడు మీదే కాసేపు పట్టి నూనె ఓడనివ్వడం మన అమ్మమ్మలు ఊరికే చేయలేదు. అలాగే ఒకేసారి పది గారెలు వేస్తే నూనె చల్లబడి జిడ్డు పడుతుంది. బేకరీలో ఆ ఇబ్బంది రాకుండా పెద్ద తొట్టి నిండా నూనె పెట్టి, వేడి పడిపోకుండా కాస్తూ ఉంటారు.

నూనె అంటున్నాను గానీ, చాలా బేకరీలు వాడేది గది వేడిలో గట్టిపడే కొవ్వు. ద్రవంగా ఉండే నూనెలో వేయిస్తే పైన జిడ్డు మిగిలి చక్కెర పూత జారిపోతుంది. ఒకప్పుడు దీనికి వనస్పతి లాంటి కొవ్వులు వాడేవాళ్లు. వాటిలోని ట్రాన్స్ ఫ్యాట్ గుండెకి చేటు. అమెరికా ప్రభుత్వం 2015లో ఈ ట్రాన్స్ ఫ్యాట్‌కి మూలమైన, పాక్షికంగా హైడ్రోజన్ కలిపిన నూనెలకు ‘సురక్షితం’ అనే గుర్తింపు తీసేసింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదనే నియమం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చోటులోకి ఎక్కువగా పామాయిల్ వచ్చింది. ఇది మంచి మార్పే, కానీ పామాయిల్‌లో సంతృప్త కొవ్వు ఎక్కువని గుర్తుంచుకోవాలి.

చివరి మజిలీ చక్కెర పూత. డోనట్‌లు ఇంకా వేడిగా ఉండగానే తెరలా కారుతున్న గ్లేజ్ కిందుగా వెళ్తాయి. ఆ వేడికి పూతలోని నీళ్లు కొంత ఆరి, అద్దంలా పల్చటి పొర నిలుస్తుంది. చల్లారాక పోస్తే అదే పూత మందంగా, తెల్లగా పేరుకుంటుంది.

మర్నాటికి డోనట్ గట్టిపడటానికి ముఖ్య కారణం ఎండిపోవడం కాదు. వేగినప్పుడు విచ్చుకున్న స్టార్చ్ అణువులు మళ్లీ దగ్గరికి చేరి బిగుసుకోవడం. మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు పెడితే ఆ బిగువు సడలి డోనట్ మెత్తబడుతుంది. కాకపోతే చల్లారేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది కాబట్టి వేడి చేసిన వెంటనే తినేయాలి.