డిపాజిట్ వదులుకున్నంత మాత్రాన కెగ్ మీది కాదు

"డిపాజిట్ వెనక్కి అడగడం లేదు కదండీ, ఇక ఆ కెగ్ సంగతి మీకెందుకు?"

ఇంగ్లండు మధ్య ప్రాంతంలో బీరు పీపాలు రెండు రకాలు: గ్యాస్ ఒత్తిడితో బీరు పోసేవి కెగ్‌లు, ఆ ఒత్తిడి లేకుండా కుళాయితో పోసేవి కాస్క్‌లు. ఖాళీ అయినవాటిని వెతికి బ్రూవరీలకు, అంటే బీరు తయారుచేసే చోట్లకు, చేర్చడం నా ఉద్యోగం. మన తెలుగువాళ్ల ఇళ్లకు ఫోన్ చేసినప్పుడు ఎక్కువగా వినిపించే మాట ఇదే. పెళ్లి విందుకో, క్రికెట్ క్లబ్ వేడుకకో దగ్గర్లోని చిన్న బ్రూవరీ నుంచి ఒక ఫర్కిన్, అంటే చిన్న కాస్క్, తెచ్చుకుంటారు. వేడుక ముగుస్తుంది, పీపా గరాజ్‌లో ఒక మూలకు చేరుతుంది. నెలలు గడిచాక మేము అడిగితే ఈ జవాబు వస్తుంది. అనేవాళ్లు మోసగాళ్లు కారు, నిజంగానే అలా నమ్ముతున్నారు. అందుకే మిగతా అపోహలకంటే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: డిపాజిట్ అంటే పీపా ధర. అది వదులుకుంటే పీపా కొనుక్కున్నట్టే.

వాస్తవం: మీరు కొన్నది బీరు మాత్రమే. పీపా అరువు తెచ్చుకున్న వస్తువు. ఊళ్లో గ్యాస్ కనెక్షన్ తీసుకున్నప్పుడు బండకు డిపాజిట్ కడతాం. కట్టాం కదా అని బండను పాత ఇనుము కొట్టుకు తోలేస్తామా? బండ కంపెనీది, గ్యాస్ మనది. కెగ్ విషయం కూడా అంతే. పార్టీకి తెచ్చుకున్నా, రెస్టారెంట్‌కు తెప్పించుకున్నా బిల్లు వెనుక నిబంధనలు ఒకసారి చదవండి. పీపా ఎప్పటికీ బ్రూవరీ ఆస్తే అని, తిరిగి రాకపోతే దాని ఖరీదు వసూలు చేస్తామని సాధారణంగా అక్కడ రాసి ఉంటుంది. డిపాజిట్ ఉన్నది మీకు తిరిగి ఇవ్వాలన్న గుర్తు ఉండడానికే. కొత్త స్టీలు కెగ్ ఖరీదులో అది కొంత భాగం మాత్రమే.

ఖరీదు ఒక్కటే అయితే నేను ఇంత పట్టుబట్టను. మంచి స్టీలు కెగ్ ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది. నింపాలి, పంపాలి, ఖాళీ కావాలి, తిరిగి రావాలి, కడగాలి, మళ్లీ నింపాలి. ఈ చక్రం ఎంత చురుగ్గా తిరిగితే బ్రూవరీకి అంత ఆదాయం. మీ గరాజ్‌లో ఆరు నెలలు కూర్చున్న పీపా ఆ ఆరు నెలల్లో ఎన్నోసార్లు నిండాల్సింది. క్రిస్మస్ ముందు, ఎండాకాలపు వారాంతాల ముందు చిన్న బ్రూవరీల పరిస్థితి దగ్గరుండి చూస్తాను. ట్యాంకులో బీరు సిద్ధంగా ఉంటుంది, పోయడానికి పీపాలు ఉండవు. అప్పటికప్పుడు కొనాలి, లేదా అద్దెకు తేవాలి, లేదా వచ్చిన ఆర్డరు వదులుకోవాలి. ముగ్గురో నలుగురో కలిసి నడిపే చోట ఆ దెబ్బ ఆ నెల జీతాల మీద పడుతుంది. కొన్ని బ్రూవరీలు పీపాలనే మరో సంస్థ నుంచి అద్దెకు తెచ్చుకుంటాయి. అలాంటి ఒప్పందాల్లో మీ ఆలస్యానికి వాళ్లు అద్దె కట్టుకోవాల్సి రావచ్చు. డిపాజిట్ మొత్తం వాళ్ల దగ్గరే ఉండిపోయినా ఈ నష్టం పూడదు.

"వాళ్లే వదిలేశారు, ఎవరూ రాలేదు" అన్నది దీని తోబుట్టువు. పీపా భుజం మీద బ్రూవరీ పేరు అచ్చు వేసి ఉంటుంది, చాలా కాస్క్‌ల చుట్టూ ఎవరిదో తెలిపే రంగు పట్టీ ఉంటుంది. పేరు వేసుకున్నవాళ్లు దాన్ని వదులుకున్నట్టు కాదు. ఎవరూ రాకపోతే, అది మీ దగ్గర ఉందని వాళ్లకు తెలియలేదని అర్థం. లోపల చిప్ ఉంటుంది, వాళ్లే కనిపెట్టి వస్తారులే అని కొందరు ధీమాగా ఉంటారు. చాలా పీపాలకు ఉండేది బార్‌కోడో, దగ్గర నుంచి మాత్రమే చదవగలిగే ట్యాగో. అది ఏ వీధిలో ఉందో చెప్పే యంత్రం కాదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పేదాకా ఆ పీపా మాకు కనిపించదు.

ఇక పాత ఇనుము పుకారు. "వెనక వీధిలో ఇస్తే అక్కడికక్కడే నోట్లు చేతిలో పెడతారు" అని కుర్రాళ్ల మధ్య తిరుగుతుంటుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో పాత లోహానికి నగదు ఇవ్వడం నేరం. 2013 నాటి స్క్రాప్ మెటల్ డీలర్ల చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూసుకోవాలని కూడా చెబుతోంది. పద్ధతిగా నడిచే వ్యాపారి బ్రూవరీ పేరున్న కెగ్‌ను యజమాని ఉత్తరం లేకుండా ముట్టుకోడు. నోట్లు ఇస్తానన్నవాడు తాను తప్పు చేస్తూ మిమ్మల్నీ లాగుతున్నాడు. విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు నాలుగు పౌండ్ల కోసం దొంగసొత్తు కేసులో ఇరుక్కుంటే ఆ తర్వాత బతుకంతా ఆ మచ్చతో నెట్టుకురావాలి. ఈ పుకారు చెప్పేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

భయపడేవాళ్ల సంగతి వేరు. బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీలో పాత పబ్బులను భారతీయులు తీసుకుని మన వంటలు కూడా పెట్టే పబ్బులుగా నడపడం చాలాకాలంగా ఉంది. దేశీ పబ్బులంటారు, ఎక్కువగా పంజాబీలవి. అక్కడ ఒక పబ్బు లీజుకు తీసుకున్న గుంటూరు వైపు దంపతులు ఒకరోజు నాకు ఫోన్ చేశారు. సెల్లార్‌లో పాత అద్దెదారు వదిలి వెళ్లిన పీపాలు వరుసగా ఉన్నాయి. వాటన్నిటి డబ్బూ తామే కట్టాలని ఎవరో వాళ్లను బెదిరించారు. ఆవిడ "అన్నా, మా పొదుపంతా లీజుకే పెట్టాం" అంటుంటే గొంతు వణికింది. కొత్తగా వచ్చినవాళ్లు ముందువాళ్ల పీపాలకు బాకీ పడరమ్మా, ఉన్నాయని చెబితే చాలు, బ్రూవరీలు సంతోషిస్తాయని చెప్పాను. ఫొటోలు పంపించారు, పేర్లను బట్టి ఎవరివి వాళ్లకు తెలియజేశాం, వ్యాన్ వెళ్లి తీసుకొచ్చింది. ఒక్క పౌండు కూడా ఖర్చు కాలేదు. వెళ్లినప్పుడు పెసరట్టు పెట్టి మరీ పంపారు. చాలాకాలానికి మా అమ్మ చేతి అల్లం పచ్చడి గుర్తొచ్చింది.

అపోహ: బీరు అయిపోయింది కాబట్టి లోపల ఏమీ లేదు, కోసి పొయ్యి చేసుకోవచ్చు.

దీని గురించి సుతారంగా మాట్లాడలేను. కెగ్ ఖాళీ అయినా గ్యాస్ ఒత్తిడి అలాగే ఉంటుంది. నడుమ ఉండే స్పియర్‌ను, అంటే బీరు పైకి వచ్చే గొట్టాన్ని, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అది బాణంలా మొహం మీదికి ఎగురుతుంది. నిప్పుల మీద పెడితే పగలవచ్చు. 2012లో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో, ఒక బ్రూవరీలోనే, ప్లాస్టిక్ కెగ్ శుభ్రం చేస్తుండగా పేలి ఒక యువ కార్మికుడు చనిపోయాడు. అలవాటైన చోటే అలా జరిగింది. లెస్టర్‌లో ఒక ఇంట్లో కెగ్‌ను తందూరు చేద్దామని గ్రైండర్ తెచ్చి పెట్టుకున్న పిల్లలను చూశాను. దాన్ని వ్యాన్‌లో ఎక్కించేదాకా నా గుండె కుదుటపడలేదు. వీడియోల్లో చూపించేవాళ్ల మాట నమ్మకండి.

మిగతావి త్వరగా చెబుతాను. ఏ లారీ వచ్చినా ఏ ఖాళీ అయినా ఎక్కించేయవచ్చు అనుకోవద్దు. డ్రైవర్ తన సంస్థవీ, తనకు ఒప్పందం ఉన్నవీ మాత్రమే తీసుకోవాలి. ఎక్కించినప్పుడు ఎన్ని ఇచ్చారో రాసిన చీటీ తప్పక తీసుకోండి, లెక్కల గొడవలో మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. ఖాళీ కాస్క్‌ను నోరు తెరిచి వదిలేయకండి. కుళాయి దిగే రంధ్రానికి (కీస్టోన్) బిరడా, పక్కన బీరు నింపే రంధ్రపు మూతకు (షైవ్) గట్టి స్పైల్, అంటే చిన్న మేకు లాంటి బిరడా, కొట్టండి. లేకపోతే ఈగలు చేరతాయి, అడుగున మడ్డి ఎండి అట్ట కడుతుంది, కడిగేవాళ్లకు నరకం. సొట్టపడితే పనికిరాదన్నది కూడా తప్పే. చిన్న సొట్టలతో ఏళ్ల తరబడి తిరుగుతున్నవి ఎన్నో ఉన్నాయి, పనికొస్తుందో లేదో బ్రూవరీ చూసుకుంటుంది. ఫర్కిన్ అంటే 9 గ్యాలన్లు, దాదాపు 41 లీటర్లు. నిండుది ఒక్కరే ఎత్తకండి, 50 లీటర్ల కెగ్ నిండితే 60 కిలోలు దాటుతుంది.

మీ ఇంట్లోనో, కొత్తగా తీసుకున్న షాపు వెనుకో పీపా కనిపిస్తే కదిలించకుండా భుజం మీది పేరు, అంకెలు, పట్టీ రంగు కనిపించేలా ఫొటో తీయండి. పేరున్న బ్రూవరీకి ఫోన్ చేయండి లేదా మెయిల్ పంపండి. ఆ బ్రూవరీ మూతపడి ఉంటే దగ్గర్లోని ఇంకో బ్రూవరీని అడగండి, దాని పీపాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లకు సాధారణంగా తెలుస్తుంది. ఎంతకాలంగా ఉందో నిజం చెప్పండి. ఆలస్యమైందని తిట్టిన బ్రూవరీని నేను ఇంతవరకు చూడలేదు. వచ్చేదాకా ఎండ తగలని చోట, నిటారుగా ఉంచండి, కప్లర్‌తోనో (కెగ్ మీద బిగించే పైపు తల) వాల్వ్‌తోనో పిల్లలను ఆడుకోనివ్వకండి.