పదును లేని డ్రిల్ బిట్టు: ఫ్రిక్షన్ డ్రిల్లింగ్ వెనక వందేళ్ళ కథ

2 మి.మీ. మందం ఉన్న స్టీల్ పైపుకి ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టు బిగించాలి అనుకోండి. ఎం8 పిచ్, అంటే ఒక త్రెడ్‌కీ పక్క త్రెడ్‌కీ మధ్య దూరం, 1.25 మి.మీ., అంటే ఆ పైపు గోడలో రెండు త్రెడ్లు కూడా పూర్తిగా పడవు, కాస్త గట్టిగా బిగిస్తే మొత్తం ఊడొచ్చేస్తుంది. అందుకే వర్క్‌షాపుల్లో నట్టు పెట్టి వెల్డ్ చేస్తారు, లేదంటే రివెట్ నట్ కొడతారు. ఇంకో దారి ఏంటంటే, అసలు పదునే లేని, మేకులా మొనదేలిన కార్బైడ్ టూల్‌ని రెండు మూడు వేల ఆర్‌పీఎంలో తిప్పుతూ పైపు మీద అదిమి పెట్టడం. రాపిడికి అక్కడి ఉక్కు ఎర్రబడి మెత్తబడుతుంది, కొంచెం పైకి లేస్తుంది, ఎక్కువ భాగం కిందకి జారి బొక్క చుట్టూ బుష్ (చిన్న గొట్టం) లాగా నిలబడుతుంది. ఆ బుష్ పొడవు గోడ మందానికి సుమారు మూడు రెట్లు, కాబట్టి ఇప్పుడు నాలుగైదు త్రెడ్లు హాయిగా పడతాయి. కొన్ని సెకన్ల పని, ఒక్క చిప్ (లోహపు రజను) కూడా రాలదు.

దీన్నే ఫ్రిక్షన్ డ్రిల్లింగ్, థర్మల్ డ్రిల్లింగ్, ఫ్లో డ్రిల్లింగ్ అని రకరకాలుగా అంటారు. ఈమధ్య టైటానియం, నికెల్ సూపర్ అల్లాయ్‌ల (బాగా వేడిలోనూ గట్టిగా ఉండే మిశ్రమ లోహాల) లాంటి మొండి లోహాలకి కూడా ఇది పనికొస్తుందా అనే చర్చ నడుస్తోంది కాబట్టి, అసలు ఇది ఎక్కడ మొదలైంది, ఎందుకింత లేటయింది అనేది ఒకసారి చూద్దాం.

రాపిడితో వేడి పుడుతుందని మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, యజ్ఞాల్లో అరణి మథించి నిప్పు పుట్టించేది అదే కదా. లోహానికి బొక్క పెడుతుంటే ఎంత వేడి పుడుతుందో కూర్చుని లెక్క కట్టిన మనిషి మాత్రం కౌంట్ రంఫర్డ్ అనే సైంటిస్టు. మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలు తొలుస్తుంటే అవి కాలిపోవడం గమనించి, కావాలనే మొండి బోరర్ పెట్టి, దాన్ని నీళ్ళలో ఉంచి, గుర్రాలతో తిప్పించాడు. రెండున్నర గంటలకి నీళ్ళు మరిగాయి. నిప్పు లేకుండా నీళ్ళు మరగడం చూసి అక్కడున్న వాళ్ళు నోరెళ్ళబెట్టారంట. 1798లో ఆ పేపర్ రాయల్ సొసైటీకి వెళ్ళింది, వేడి అనేది ఒక పదార్థం కాదు అనే వాదనకి అది పెద్ద ఆధారం అయింది. ఫిజిక్స్ వాళ్ళకి అది పండగే గానీ మెషినిస్టులకి మాత్రం ఆ తర్వాత వందేళ్ళకి పైగా వేడి అంటే శత్రువే, దాన్ని ఎలా వదిలించుకోవాలి అనేదే గోల.

ఆ శత్రువుతోనే పని చేయించుకుందాం అని ప్రయత్నించింది జాన్ క్లోడ్ ద వాలియేర్ అనే ఫ్రెంచ్ ఆయన, 1923లో. కోత లేకుండా రాపిడి వేడితోనే లోహంలో బొక్క పెట్టే టూల్ చేయాలని చూశాడు. అంతంత మాత్రంగానే పనిచేసింది. ఎందుకంటే ఉక్కుని ఎర్రగా కాల్చి మెత్తబరచాలంటే టూల్ ఆ వేడిలో కూడా గట్టిగా నిలబడాలి, అప్పట్లో షాపుల్లో దొరికే మంచి టూల్ అంటే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్), అది 600 డిగ్రీలు దాటితే తనే నీరసపడిపోతుంది. పైగా టూల్ షేప్ ఎలా ఉండాలో కూడా ఆయనకి చిక్కలేదు.

ఇక్కడ నాకు భలే అనిపించే విషయం ఒకటుంది. సరిగ్గా అదే 1923లో బెర్లిన్‌లో ఓస్రామ్ బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ అనే ఆయన టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చి గట్టి ముద్దగా చేసే పద్ధతికి పేటెంట్ వేశాడు. వాళ్ళకి కావాల్సింది బల్బు ఫిలమెంట్ తీగ లాగడానికి చవకైన డై (తీగని సన్నగా చేసే బెజ్జం ఉన్న అచ్చు), అప్పటిదాకా వజ్రం వాడేవాళ్ళు, ఖర్చు తడిసి మోపెడయ్యేది. తర్వాత క్రుప్ కంపెనీ దాన్ని కొనుక్కుని 1920ల చివర్లో వీడియా అని పేరు పెట్టి అమ్మింది, జర్మన్‌లో 'వజ్రం లాగా' అనే మాటలోంచి వచ్చిన పేరు అది. గోడకి హోల్ కొట్టడానికి వచ్చే ఎలక్ట్రీషియన్ "వీడియా బిట్ ఉందా" అని అడుగుతాడు చూడండి, ఆ వీడియానే ఇది. అంటే ఫ్రాన్స్‌లో ఒకాయనకి ఐడియా ఉండి టూల్ మెటీరియల్ లేదు, జర్మనీలో మెటీరియల్ పుట్టింది గానీ ఈ ఐడియా గురించి ఎవరికీ పట్టలేదు, ఈ రెండూ ఒకచోట కలవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

కలిపింది నెదర్లాండ్స్ వాళ్ళు. వాన్ గెఫెన్ అనే ఆయన పేరు మీద 1976 నుంచి 1980 దాకా అమెరికాలో వరసగా పేటెంట్లు ఉన్నాయి, అన్నీ రాపిడి వేడితో, ఒత్తిడితో ప్లేటుకీ పైపుకీ కాలర్‌తో (బొక్క చుట్టూ లేచే అంచుతో) సహా బొక్క పెట్టే టూళ్ళ గురించే. ఇందులో కిటుకు షేప్‌లో ఉంది. టూల్ నిండు గుండ్రంగా ఉండదు, అడ్డంగా కోసి చూస్తే మూలలు నున్నగా చేసిన బహుభుజిలా ఉంటుంది, లోహాన్ని రుద్దుతూ పక్కకి నెట్టేది ఆ మూలలే. కార్బైడ్‌ని అలా గ్రైండ్ చేయాలంటే డైమండ్ వీల్ కావాలి, కృత్రిమ వజ్రం వచ్చిందే 1950ల మధ్యలో. 1980లకి గానీ ఇది షాపులో నమ్మి వాడే సరుకు అవ్వలేదు.

మరి మొండి లోహాల సంగతి? జెట్ ఇంజన్లు వచ్చాక నికెల్ అల్లాయ్‌లు, విమానాల వేగం పెరిగాక టైటానియం, ఇవి తప్పనిసరి అయ్యాయి, వాటితో పాటే డ్రిల్లింగ్ తలనొప్పి కూడా. 1960ల్లో లాక్‌హీడ్ వాళ్ళు బ్లాక్‌బర్డ్ విమానాలు టైటానియంతో కడుతున్నప్పుడు మొదట్లో ఒక డ్రిల్ బిట్ 17 బొక్కలకే పాడైపోయేదని ఆ టీమ్ పెద్ద కెల్లీ జాన్సన్ లెక్క చెప్పాడు. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని తయారుచేసేది కూడా ఈ జాతి లోహాలే, కాబట్టి ఈ బాధ ఇక్కడి మెషినిస్టులకీ తెలిసిందే.

బాధ ఎందుకంటే వేడి కదలదు. వేడిని పాకించే గుణంలో (మీటర్-కెల్విన్‌కి వాట్లలో) అల్యూమినియం 200 పైన ఉంటే మామూలు ఉక్కు 50 దగ్గర, స్టెయిన్‌లెస్ స్టీల్ రకం ఎస్‌ఎస్ 304 సుమారు 16, నికెల్ అల్లాయ్ ఇంకొనెల్ 718 సుమారు 11, విమానాల్లో ఎక్కువగా వాడే టైటానియం రకం 6-4 అయితే 7 లోపే. కోసేటప్పుడు పుట్టిన వేడి చిప్‌తో పోదు, లోహంలోకి పాకదు, మొత్తం బిట్టు మొన దగ్గరే కూర్చుంటుంది. నేను కూడా ఎస్‌ఎస్ పైపుకి ఫుల్ స్పీడ్‌లో హ్యాండ్ డ్రిల్ పెట్టి మంచి బిట్టు నల్లగా మాడ్చేసిన వాణ్ణే, లోహం ఇంకా గట్టిపడింది తప్ప బొక్క మాత్రం పడలేదు.

ఫ్రిక్షన్ డ్రిల్లింగ్‌లో ఈ అవలక్షణమే పనికొస్తుంది, వేడి ఎక్కడ పుడితే అక్కడే ఉంటే మెత్తబడాల్సిన చోటే మెత్తబడుతుంది కదా. ఈ ఆశతోనే 2000ల్లో రీసెర్చ్ ఊపందుకుంది. మిషిగన్ యూనివర్సిటీలో మిల్లర్, షీ, వాళ్ళతో పాటు ఓక్ రిడ్జ్ ల్యాబ్ నుంచి బ్లౌ, 2005లో ఉక్కు, అల్యూమినియం, టైటానియం మూడింటికీ ఇలా బొక్కలు పెట్టి లోపలి నిర్మాణం ఎలా మారిందో చూశారు. 2007లో వాళ్ళదే ఇంకో పేపర్‌లో ఒకే కార్బైడ్ టూల్ మెత్తటి ఉక్కులో 11,000 బొక్కలు పెట్టినా పెద్దగా అరగలేదు, మొన దగ్గర గీతలు మాత్రం పడ్డాయి. పైన 17 అన్నాను కదా, దానితో పోల్చాలనిపిస్తుంది గానీ అది న్యాయం కాదు, ఉక్కు వేరు టైటానియం వేరు. ఇదే సమయంలో తైవాన్‌లో లీ, చౌ, యాన్ బృందం ఇంకా మొండిదైన ఐఎన్-713ఎల్‌సీ అనే నికెల్ సూపర్ అల్లాయ్ మీద, ఎస్‌ఎస్ 304 మీద ప్రయోగాలు చేశారు, టూల్‌కి అల్యూమినియం క్రోమియం నైట్రైడ్ లాంటి కోటింగులు వేసి చూశారు.

చిక్కులు కూడా అక్కడే బయటపడ్డాయి. టైటానియం వేడెక్కితే టూల్‌కి అతుక్కుంటుంది, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని పైపొర పెళుసవుతుంది, 6-4 రకం అయితే 995 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. నికెల్ అల్లాయ్ గొప్పతనమే వేడికి మెత్తబడకపోవడం, మరి దాన్ని మెత్తబరచాలంటే టూల్ ఇంకా ఎక్కువ వేడి తట్టుకోవాలి, అంటే ద వాలియేర్ ఆగిన చోటుకే మళ్ళీ వచ్చామన్నమాట. పెళుసు పోత లోహాలైతే బుష్ సాఫీగా రాదు, పువ్వు రేకుల్లా చీలిపోతుంది. మిషిగన్ వాళ్ళు 2006లో పోత అల్యూమినియం, మెగ్నీషియం ముక్కల్ని ముందే వేడిచేసి ఆ చీలికలు తగ్గించే ప్రయత్నం చేశారు.

విమానాల వాళ్ళు ఇంకా జంకేది ఇందుకే. బొక్క చుట్టూ ఉన్న లోహమే కదా రివెట్ లోడ్ మోసేది, అక్కడే నిర్మాణం మారిపోయింది అంటే ఫెటీగ్ (మళ్ళీ మళ్ళీ లోడ్ పడి లోహం అలసి పగలడం) లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి, పైగా రెండు షీట్లు కలిపి బిగించే చోట మధ్యలో కాలర్ లేస్తే అవి ఒకదానికొకటి ఆనవు. కార్ల వాళ్ళకి ఆ పేచీ తక్కువ, స్క్రూ తనే తిరుగుతూ వేడి పుట్టించి బొక్క చేసుకుని, త్రెడ్ కూడా తనే వేసుకుని బిగుసుకుపోయే ఫ్లో డ్రిల్ స్క్రూలు అల్యూమినియం బాడీల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఇప్పటికి షాపుల్లో ఈ టూల్‌కి రోజూ దొరికే పని మైల్డ్ స్టీలు, ఎస్‌ఎస్, అల్యూమినియం, రాగి, ఇత్తడి పైపులే.