ఇంగ్లిష్ మాస్టారూ, దోసెల పెనమూ

పిల్లలూ,

మొన్న బుజ్జి ఫోన్లో అడిగింది. "తాతయ్యా, మా ఇంగ్లిష్ మేడమ్ నవల రాస్తోందట. రోజంతా మాకు పాఠాలు చెప్తుంది, ఇంటికెళ్ళి మా నోట్సులు దిద్దుతుంది, ఇంక నవల ఎప్పుడు రాస్తుంది? ఉద్యోగం మానెయ్యాలా?" అంతలో వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని నా బీపీ గురించి మొదలుపెట్టింది. అందుకని జవాబు ఇలా రాస్తున్నాను.

ఫిలిప్ పుల్మన్ అని ఇంగ్లండులో ఒక పెద్ద రచయిత ఉన్నాడు. 1946లో నార్విచ్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న వైమానిక దళంలో పైలట్. ఈయనకి ఏడేళ్ళప్పుడు ఆయన కెన్యాలో విమానం కూలి చనిపోయాడు. తర్వాత వేల్స్‌లో పెరిగాడు, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివి థర్డ్ క్లాసులో పాసయ్యాడు (ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించకండి). ఆ ఊళ్ళోనే మిడిల్ స్కూలు టీచరయ్యాడు. మీ ఈడు పిల్లలకి పాత గ్రీకు కథలు, ట్రాయ్ యుద్ధం, ఒడిస్యూస్ అనే వీరుడి కథ, పుస్తకం తెరవకుండా నోటితో చెప్పేవాడు. అదే కథ ఏడాదికి మూడు క్లాసులకి, అలా ఏళ్ళ తరబడి.

అమ్మమ్మ ఇనప పెనం చూశారుగా. కొత్తలో దాని మీద దోసె లేచేది కాదు, ముక్కలు ముక్కలుగా గీకి తినేవాళ్ళం. రోజూ ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్ది, పోసి, తీసి, పోసి, తీసి, ఇప్పుడు అట్లకాడ తగిలితే చాలు, లేచొచ్చేస్తుంది. పుల్మన్‌కి ఆ క్లాసులే పెనం. పిండి ఆ కథలు చెప్పిన పాత గ్రీకు కవి హోమరుది, కొత్తది కాదు. కానీ ఎక్కడ మంట తగ్గించాలి, ఎక్కడ తిరగెయ్యాలి అన్నది పోసిన చేతికే తెలుస్తుంది. మరి పిల్లలు నూనా, ఉల్లిపాయా అని బుజ్జి అడుగుతుంది. ఉల్లిపాయే అనుకో, ఘాటు మీలో బోలెడు ఉంది.

మా ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారు కూడా ఇంతే. ఆఖరి పీరియడ్‌లో పద్మవ్యూహం మొదలుపెట్టేవారు. అభిమన్యుడు లోపలికి వెళ్ళే చోట సుద్దముక్కతో బల్ల మీద టక్కు టక్కుమని గుర్రాల్ని నడిపించేవారు, సరిగ్గా సైంధవుడు అడ్డుపడగానే బెల్లు కొట్టేసేది. బెల్లు కొట్టే ప్యూనుతో ఆయన ముందే మాట్లాడి పెట్టుకున్నారని మా అనుమానం. ఇప్పుడైతే సిలబస్ అవలేదని ఆయనకి టెన్షన్ పెట్టేవాళ్ళు.

పుల్మన్ ఒకసారి సెలవుల్లో, హోటల్లో భోజనం వచ్చేలోపు చిన్న కొడుక్కి ఒడిస్యూస్ కథ రోజుకింత చెప్పుకొచ్చాడట. ఆఖరి రోజు, ముసలి బిచ్చగాడి వేషంలో ఉన్న వీరుడు తన పాత విల్లు ఎక్కుపెట్టి నారిని మీటే చోటుకి వచ్చేసరికి, చేతిలో గ్లాసు పట్టుకుని నోరు తెరుచుకుని వింటున్న ఆ పిల్లాడు గ్లాసు అంచుని కటుక్కున కొరికేశాడు! గాజు గ్లాసర్రా. మీరు మాత్రం స్టీలు గ్లాసుతో వినండి.

ఇక రాత సంగతి. బడి పిల్లల కోసం నాటకాలు రాసేవాడు, 1985లో వచ్చిన ఆయన నవల 'ద రూబీ ఇన్ ద స్మోక్' మొదట అలాంటి నాటకమే. తర్వాత తోట చివర ఒక షెడ్డులో కూర్చుని బాల్‌పెన్నుతో రోజుకి మూడు పేజీలు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. 'హిజ్ డార్క్ మెటీరియల్స్' నవల మూడు భాగాలూ అలా వచ్చినవే, 1995, 1997, 2000ల్లో. మొదటి భాగం వచ్చేనాటికి కూడా ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీలో కాబోయే టీచర్లకి పాఠాలు చెప్తూనే ఉన్నాడు. ఉద్యోగం మానింది 1996లో. అదీ బుజ్జి ప్రశ్నకి జవాబు. మూడో భాగానికి ఆ ఏటి మేటి పుస్తకమని విట్‌బ్రెడ్ అనే సాహిత్య బహుమతి వచ్చింది, పిల్లల పుస్తకానికి ఆ పెద్ద బహుమతి రావడం అదే మొదలు. 2019లో రాణిగారి సర్ బిరుదు కూడా వచ్చింది, అది వదిలెయ్యండి.

నాకు అబ్బురంగా ఉండేది ఇంకొకటి. ఆ నవలలో ప్రతి మనిషి పక్కనా వాళ్ళ ప్రాణం ఒక జంతువు రూపంలో తిరుగుతూ ఉంటుంది. పెద్దవాళ్ళకి ఒకటే రూపం. పిల్లలకి మాత్రం ఇప్పుడు చిమ్మట, ఇంతలో పిల్లి, భయమేస్తే ఎలక. పెద్దయ్యే వయసులో ఏదో ఒకటిగా స్థిరపడిపోతుంది. పన్నెండేళ్ళ పిల్లల ఎదుట ఏళ్ళ తరబడి నిలబడి, జూన్‌లో చూసిన మొహం ఫిబ్రవరికి మరోలా అవడం చూసినవాడికే ఇది తట్టిందని నా నమ్మకం. ఆయన అలా చెప్పాడని కాదు, నేననుకుంటున్నాను.

బుజ్జీ, నువ్వు ఈ ఆదివారం చిన్నాడిని కూర్చోబెట్టి ఏదైనా ఒక కథ పుస్తకం చూడకుండా చెప్పు. వాడు ఎక్కడ మంచినీళ్ళంటూ లేస్తాడో గమనించు. వచ్చే ఆదివారం అదే కథ పక్కింటి పిల్లకి చెప్పు, కానీ ఆ చోట మాత్రం మార్చి చెప్పు. మీ మేడమ్‌ని కూడా అడుగు, నవల్లో ఏ ముక్క మీ క్లాసుకి ముందుగా చెప్పిందో.

మీ తాతయ్య