నేపాల్ ఊళ్లలో లెక్క అడగడానికి మనిషే లేని పదిహేనేళ్లు

నేపాల్ శాంతి ఒప్పందం అనగానే అందరికీ ఖాట్మండు, రాజు, మావోయిస్టులు, 2006 నవంబరు 21 నాటి సంతకాలే గుర్తొస్తాయి. కానీ ఆ ఒప్పందంతో ఆగిన మావోయిస్టుల యుద్ధం పుట్టింది ఊళ్లలో, ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుందీ ఊళ్లలోనే. అందుకే ఊరి ఆఫీసుకు ఏమైందో కూడా తెలియాలి.

ముందొక మాట. అక్కడ 'పంచాయతీ' అంటే మనకు తెలిసిన గ్రామ పంచాయతీ కాదు, 1960లో రాజు మహేంద్ర పార్టీలను నిషేధించి తెచ్చిన పాలనకు ఆ పేరు. 1990 ప్రజా ఉద్యమంతో అది పోయింది. 1992లో, 1997లో స్థానిక ఎన్నికలు జరిగాయి, 1999లో స్థానిక స్వపరిపాలన చట్టం కూడా వచ్చింది. కానీ అప్పటికే మూడేళ్లుగా రోల్పా, రుకుం కొండల్లో మొదలైన సాయుధ పోరాటం చుట్టుపక్కలకు పాకుతోంది. మావోయిస్టులు సొంత 'జన సర్కారు'లు పెట్టుకున్నారు, గ్రామ అభివృద్ధి కమిటీల, అంటే మన గ్రామ పంచాయతీల్లాంటి వాటి, ఆఫీసులను ధ్వంసం చేశారు, ఎన్నికైనవాళ్లను రాజీనామా చేయమని బెదిరించారు. 2002 జులైలో వాళ్ల పదవీకాలం అయిపోయింది. ప్రభుత్వం పొడిగించలేదు, ఎన్నికలూ పెట్టలేకపోయింది.

ఇక మిగిలింది కార్యదర్శి. ప్రాణభయంతో చాలామంది కార్యదర్శులు జిల్లా కేంద్రాలకు వెళ్లిపోయారు, ఊరి రికార్డులూ ముద్రా వాళ్లతోనే వెళ్లాయి. బిడ్డ పుట్టిందని రాయించుకోవాలన్నా, పౌరసత్వానికి సిఫారసు కాగితం కావాలన్నా కొండలు దిగి నడిచి వెళ్లి, ఆయన ఎక్కడ అద్దెకుంటున్నాడో వెతుక్కోవాలి. ఊరికొచ్చిన డబ్బు ఏమైందని అడుగుదామంటే ఎవరిని అడగాలి?

యుద్ధం ఆగాక కూడా ఇది మారలేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఎన్నికలకు బదులు అన్ని పార్టీల ప్రతినిధులతో 'సర్వపక్ష యంత్రాంగం' అని పెట్టారు, ఏకాభిప్రాయంతో పనులు చేస్తారని. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పంచుకుంటుంటే తప్పు పట్టేవాడెవడు? అవినీతి ఫిర్యాదులు వెల్లువెత్తి, అధికార దుర్వినియోగ విచారణ కమిషన్ చెప్పాక 2012లో దాన్ని రద్దు చేశారు. ఆ రోజుల్లో కొంతైనా ఊరటనిచ్చింది వార్డు పౌర వేదికలు. ఏ వీధికి ఏ పని కావాలో జనమే కూర్చుని రాసుకోవడం, బహిరంగ విచారణలో జమాఖర్చులు చదివించడం, సామాజిక తనిఖీ, ఇవన్నీ అప్పుడే అలవాటయ్యాయి. కొన్నిచోట్ల అవీ పార్టీల చేతుల్లోకే పోయాయి, కానీ లెక్క చూపించమని నలుగురిలో లేచి అడగొచ్చన్న సంగతి మాత్రం జనానికి తెలిసింది.

2015 రాజ్యాంగం వచ్చాక, 2017లో మూడు విడతలుగా, అంటే ఇరవై ఏళ్ల తర్వాత, 753 స్థానిక ప్రభుత్వాలకు ఎన్నికలు జరిగాయి. ప్రతి వార్డు కమిటీలో ఇద్దరు మహిళలు ఉండాలి, వాళ్లలో ఒకరు దళిత మహిళ. స్థానిక ప్రభుత్వంలో అధ్యక్ష, ఉపాధ్యక్ష స్థానాలు రెండింటికీ పోటీ పెట్టే పార్టీ అందులో ఒకటి మహిళకు ఇవ్వాలి. పార్టీలు దాదాపు ప్రతిచోటా ఆ రెండోదే ఇచ్చాయి, ఉప పదవుల్లో నూటికి తొంభైకి పైగా మహిళలే గెలిచారు.

అయితే రాజ్యాంగంలోని 217వ అధికరణం ప్రకారం ముగ్గురు సభ్యుల న్యాయ సమితికి నాయకత్వం వహించేది ఆ ఉపాధ్యక్షురాలే. గట్టు తగాదా, కాలువ నీళ్ల వంతు, ఎగ్గొట్టిన కూలి, ముసలి తల్లిదండ్రులను చూడని కొడుకు, ఇలాంటివన్నీ ఆమె ముందుకొస్తాయి. యుద్ధకాలంలో ఇలాంటి తగాదాలను మావోయిస్టుల 'ప్రజా కోర్టులు' తేల్చేవి, అక్కడ శిక్ష ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇప్పుడు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే చోటు ఊళ్లోనే ఉంది. శాంతి అంటే నా లెక్కలో ఇది. ఈ ఉపాధ్యక్షురాళ్లలో చాలామందికి చట్టం చదువు లేదు, తీర్పు చెప్పేది పొద్దున లేస్తే మొహం చూసుకోవాల్సిన పొరుగువాళ్ల మీద, ఆ టెన్షన్ చిన్నది కాదు.

2022లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. పార్టీలు పొత్తులు పెట్టుకుని ఒక్కో చోట ఒక్కో పదవికే అభ్యర్థిని నిలబెట్టాయి, అలా చేస్తే మహిళ నిబంధన వర్తించదు. ఉప పదవుల్లో మహిళలు 2017 కంటే తగ్గిపోయారు.