అండాశయ క్యాన్సర్: గజ్జల్లో బిళ్ళ కట్టకపోతే పాకనట్టేనా?

ఓపీలో ఫైలు బల్ల మీద పెట్టి, ఇంకా కూర్చోకముందే అడుగుతారు: "గజ్జల్లో బిళ్ళలేం కట్టలేదు కదా డాక్టరమ్మా, అంటే పాకనట్టే కదా?" రోజూ స్నానం చేస్తూ గజ్జలు తడిమి చూసుకుని ధైర్యం తెచ్చుకునే ఆడవాళ్ళూ ఉన్నారు.

అపోహ: బిళ్ళ లేకపోతే లింఫ్ గ్రంథులకు (ఒంట్లో ఊరే లింఫ్ అనే నీటిని వడకట్టే చిన్న గ్రంథులు, ఉబ్బితే బిళ్ళలా తగులుతాయి) పాకలేదు.

కాదు. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు అండాశయాలు కిడ్నీల దగ్గర్లో తయారై కిందికి దిగుతాయి, దిగుతూ రక్తనాళాలనూ లింఫ్ నాళాలనూ వెంట తెచ్చుకుంటాయి. అందుకే అక్కడి లింఫ్ ఒక దారిలో పైకి వెళ్ళి కిడ్నీల ఎత్తులో, బృహద్ధమని (గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం) పక్కనున్న గ్రంథులకు చేరుతుంది; ఇంకో దారిలో కటి (పొత్తికడుపు కింది ఎముకల గూడు) గోడల మీది గ్రంథులకు పోతుంది. ఇవేవీ చేతికి తగిలేవి కావు. గజ్జలకూ దారి ఉంది కానీ అది సన్నని సందు, క్యాన్సర్ అక్కడికి చేరడం అరుదు. చేరితే దాన్ని 4బి స్టేజ్, అంటే చివరి దశ, అంటాం. బిళ్ళ కోసం ఎదురుచూడటం ఎంత ఆలస్యమో చూడండి.

అపోహ: ఈ క్యాన్సర్ పాకేదే లింఫ్ ద్వారా.

లింఫ్ ఒక దారి, అంతే. ఎక్కువగా కణాలు అండాశయం మీంచి రాలి, పొట్టలో కదిలే నీటితో కొట్టుకుపోయి పేగుల ముందు వేలాడే కొవ్వు పొర మీద, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండర పొర) అడుగున అతుక్కుంటాయి. ఆ నీటిని పీల్చే సన్నటి లింఫ్ రంధ్రాలు డయాఫ్రంలో ఉన్నాయి, కణాలు వాటిని పూడ్చేస్తే నీరు పోయే దారి మూసుకుపోతుంది. పొట్ట ఉబ్బడానికి అదో కారణం, గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేది దీనికే!

అపోహ: గ్రంథులన్నీ తీసేస్తేనే మంచిది.

మేమూ చాలాకాలం ఇలాగే అనుకున్నాం. ముదిరిన క్యాన్సర్‌లో కంటికి కనిపించే గడ్డంతా తీసేశాక, మామూలుగానే కనిపిస్తున్న గ్రంథులను కూడా తీయాలా వద్దా అని 647 మందిలో చూసిన లయన్ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. తీసినవాళ్ళలో సగానికి పైగా మందికి గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు దొరికాయి, అయినా తీయనివాళ్ళ కంటే వాళ్ళు ఎక్కువకాలం బతకలేదు, పైగా మళ్ళీ పొట్ట తెరవాల్సినవాళ్ళు 12.4 శాతం (తీయనివాళ్ళలో 6.5). ఉబ్బిన గ్రంథుల్ని మాత్రం తీస్తాం, తొలి దశలో స్టేజ్ తేల్చడానికి తీయడం వేరే లెక్క.

అపోహ: పరీక్ష కోసం సూది గుచ్చితే పాకుతుంది.

గ్రంథికి గుచ్చితే భయం లేదు. అండాశయానికే పరిమితమైందనిపించే గడ్డకు మాత్రం మేమే సూది పెట్టం, అది పగిలితే స్టేజ్ మారిపోతుంది.

అపోహ: గ్రంథులకు చేరితే ఇక అంతే.

2014కు ముందు అండాశయం దాటి పొట్ట వెనక గ్రంథుల్లో మాత్రమే కనిపించినా, పొట్టంతా పరుచుకున్నవాళ్ళకు రాసినట్టే 3సి అని రాసేవాళ్ళం. ఇప్పుడది 3ఎ1, ఎందుకంటే పొట్టంతా పరుచుకున్నవాళ్ళ కంటే వీళ్ళు మెరుగ్గా ఉంటున్నారు. ఫైల్లో 3 అంకె చూసి ఊళ్ళో వాళ్ళందరికీ ఫోన్లు చేసేసిన ఒక కొడుకుని కూర్చోబెట్టి, పక్కనున్న అక్షరం కూడా చదివించాను. వాళ్ళమ్మకు అప్పటికి ఆపరేషన్ అయిపోయింది, కీమో ఇంకా మొదలు కాలేదు.