కొండలు లేని కోనసీమలో కొండ పరుగు: అపోహలు - వాస్తవాలు

మాది అమలాపురం దగ్గర పల్లె. మేడ ఎక్కి నాలుగు దిక్కులా చూసినా కొబ్బరి తలలే గానీ చిన్న గుట్టైనా కనబడదు. అయినా తొమ్మిదేళ్లుగా కొండదారుల్లో పరుగెత్తుతున్నాను, మూడేళ్లుగా కొత్తవారికి నేర్పుతున్నాను. వచ్చేవారిలో చాలామంది ఇవే నమ్మకాలతో వస్తారు.

అపోహ: కొండ లేనిచోట సాధన కుదరదు.

నా సాధనలో ముప్పాతిక వంతు ఏటిగట్టు దగ్గరే. గట్టు పైన పరుగెత్తడం కాదు, పక్క వాలు ఎక్కి దిగడం. గట్టు ఎత్తు అయిదు మీటర్లనుకుంటే, 40 సార్లు ఎక్కితే 200 మీటర్ల కొండ ఎక్కినట్టే. వాన పడ్డ మర్నాడు మాత్రం ఆ వాలు జోలికి వెళ్లకండి. బంకమన్ను బూట్లకు అట్టకట్టడం ఒక్కటే కాదు, అడుగుల కింద గడ్డి లేచిపోతే గట్టు కోసుకుపోతుంది. 1986 వరదల్లో గట్లు తెగి మునిగిన ఊళ్లున్న సీమ మనది.

అపోహ: మధ్యలో నడిస్తే అది పరుగే కాదు.

ఆల్ప్స్‌లో మోం బ్లాం పర్వతం చుట్టూ జరిగే సుమారు 170 కిలోమీటర్ల పోటీలో అందరికన్నా ముందున్నవారు కూడా నిట్రవాలు వస్తే నడుస్తారు. కొండకు కిలోమీటర్ల లెక్క చాలదు. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు చెప్పిన లెక్క నడకకు నేటికీ పనికొస్తుంది: గంటకు సుమారు అయిదు కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. చదునులో పది కిలోమీటర్లు గంటలో ముగించేవారు కొండమీద అదే వేగం ఆశిస్తే సగంలోనే చతికిలబడతారు. పక్కవారితో ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతే నడవండి. నామోషీ ఏమీ లేదు.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం హాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే. ధాన్యం బస్తాను భుజం మీది నుంచి మెల్లగా దించేటప్పుడు చేతి కండ సాగుతూనే బరువును ఆపుతుంది చూడండి. కొండ దిగేటప్పుడు తొడ ముందు కండరం అడుగడుగునా చేసేది అదే పని. ఆ సాగుడులో కండపోగులు సన్నగా చిట్లుతాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులు గడిచాక నొప్పి ముదురుతుంది. మాతో తొలిసారి మారేడుమిల్లి కొండలకు వచ్చిన ఒకాయన కేరింతలు కొడుతూ దిగారు. రెండోరోజు ఫోను చేసి, "ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నానండీ" అన్నారు.

దీనికి విరుగుడు కూడా కండరంలోనే ఉంది. ఒకసారి కొద్దిగా దిగుడు రుచి చూసిన కండరం కొన్ని వారాలపాటు అంతగా దెబ్బతినదు. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందే గట్టు దిగుడు మొదలుపెట్టిస్తాను. అడుగులు పొట్టిగా, పాదం ఒంటి కిందే పడాలి. చూపు బూటు మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. భయంతో వెనక్కి వాలితే మడమ జారుతుంది. గోళ్లు ముందురోజే కత్తిరించుకుని, చీలమండ దగ్గర బూటు తాడు బిగించండి. లేదంటే బొటనవేలు బూటు కొసకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది.

అపోహ: మోకాళ్లు అరిగిపోతాయి.

సరదాకు పరుగెత్తేవారికి మోకీళ్ల అరుగుదల ఇతరులకన్నా ఎక్కువని తేలలేదు. ఒక్కసారిగా దూరం పెంచితేనే ముప్పు. పాత దెబ్బ ఉంటే ముందు వైద్యుడికి చూపించండి. కొండదారిలో ఎక్కువగా మెలికపడేది చీలమండ. రోజూ ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోండి, చాలు.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. దాహానికి తగినంత తాగండి, ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకోండి. మన ఉక్కపోతలో చెమట పడుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండకు శరీరం అలవాటుపడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: అడవిలో ఒంటరిగా వెళ్తేనే అసలు ఆనందం.

ఏజెన్సీలో చాలాచోట్ల ఫోను పలకదు. మేము ముగ్గురికి తక్కువైతే బయలుదేరం. తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్తాం. వానాకాలంలో వాగు నీళ్లు మోకాలు దాటితే, ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరుగుతాం.